పాత పికప్ ఇంజిన్ మొరాయిస్తే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

లక్షల కిలోమీటర్లు తిరిగిన పికప్‌కు ఏ చిన్న ఇబ్బంది వచ్చినా ముందు వినపడే మాట "ఇంజిన్ అయిపోయింది, విప్పాల్సిందే" అని. చాలాసార్లు అది నిజం కాదు. పగిలిన ఓ రబ్బరు పైపు, తుప్పు పట్టిన ఎర్త్ వైరు, నీళ్లు చేరిన డీజిల్ ఫిల్టర్ కూడా చచ్చిపోతున్న ఇంజిన్ లక్షణాలే చూపిస్తాయి. అందుకే కింది జవాబులన్నిటిలో ఒకటే పట్టు ఉంటుంది: కొలవకుండా ఏ పార్టూ మార్చకండి, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) చూడకుండా ఇంజిన్ విప్పనివ్వకండి. పెట్రోల్, డీజిల్ బండ్లు రెండింటి గురించీ రాశాం. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

మీటర్ 3 లక్షల కిలోమీటర్లు దాటింది. ఇంజిన్ పని అయిపోయినట్టేనా?

మీటర్ మీది అంకెను బట్టి అలా తేల్చేయలేం. హైవే మీద ఒకే వేగంతో తిరిగిన 3 లక్షల కంటే, రోజూ చల్లటి ఇంజిన్‌తో నాలుగైదు కిలోమీటర్లు వెళ్లి ఆపేసిన లక్షన్నర ఇంజిన్‌ను ఎక్కువ అరగదీస్తుంది. ఆన్‌లో ఉంచి గంటల తరబడి నిలబెట్టిన బండి అయితే ఆ అరుగుదల మీటర్‌లో అసలు కనపడదు. మీరు అడగాల్సినవి రెండు: ఆయిల్ వేళకు మార్చారా? ఎప్పుడైనా బాగా హీట్ ఎక్కిందా?

ఇంజిన్ లోపల అరిగేవి పిస్టన్ రింగులు, బేరింగులు, వాల్వ్ గైడ్లు, టైమింగ్ చైన్. బయట పాతబడేవి పైపులు, వైరింగ్, కనెక్టర్లు, సెన్సార్లు, ఫ్యూయల్ పంపు, రేడియేటర్. ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి బయటివే. వాటిని బాగు చేయడం తేలిక, ఖర్చూ తక్కువ. అందుకని వెతకడం బయటి నుంచే మొదలుపెట్టాలి.

సరే, మొదట ఏం చూడాలి?

బానెట్ ఎత్తకముందే ఒక కాగితం తీసుకోండి. సమస్య చల్లటి ఇంజిన్ మీద వస్తోందా, వేడెక్కాకా? నిలబడి ఉన్నప్పుడా, లోడ్ మీద ఎత్తు ఎక్కేటప్పుడా? ఒక్కసారిగా మొదలైందా, నెమ్మదిగా ముదిరిందా? దానికి ముందు ఏదైనా రిపేరు జరిగిందా? ఈ చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఏదో పని చేయించిన మర్నాడే కొత్త సమస్య వస్తే, ఆ పని జరిగిన చోటే ముందు చూడాలి. ఊడిపోయిన కనెక్టరో, సరిగా బిగించని క్లిప్పో దొరకడం మామూలే.

తర్వాత రాత్రంతా ఆగి ఉన్న బండిని చల్లగా ఉండగానే చూడండి. ఆయిల్ మట్టం, కూలెంట్ మట్టం, ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ టెర్మినళ్లు, బెల్టులు, పైపులు అన్నీ చూడాలి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ లేదా డీజిల్ వాసన గట్టిగా వస్తే ఇంధనం ఆయిల్‌లోకి దిగుతోందన్నమాట. ఆయిల్ పోసే మూత లోపల పాలలాంటి నురగ కనపడగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకు, పైనున్న హెడ్‌కు మధ్య ఉండే సీలు) పోయిందని కంగారు పడొద్దు. చలికాలంలో తక్కువ దూరాలు తిరిగే బండిలో గాలిలోని తేమే అక్కడ అలా పేరుకుంటుంది. డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిల్ కూడా తెల్లగా ఉంటే అప్పుడు కంగారు పడాలి. ఆ ఇంజిన్‌ను ఇక స్టార్ట్ చేయకండి.

చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సార్ కోడ్ చూపించింది. అది మార్చేస్తే సరిపోతుందా?

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. కోడ్ అంటే కంప్యూటర్ గమనించిన లక్షణం మాత్రమే. ఏ పార్టు పోయిందో అది చెప్పదు. ఉదాహరణకు పీ0171 అంటే ఇంజిన్ ఒక వైపు గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అవుతోందని. దానికి కారణం ఇన్‌టేక్ దగ్గర పగిలిన వాక్యూమ్ పైపు కావచ్చు, మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సార్ కావచ్చు, బలం తగ్గిన ఫ్యూయల్ పంపు కావచ్చు, ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు సైలెన్సర్ పైపులో లీకు కావచ్చు. వీటిలో ఏది ఉన్నా, ఆక్సిజన్ సెన్సార్ మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు.

స్కానర్‌లో లైవ్ డేటా ఉంటే ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. కంప్యూటర్ తన లెక్కకు ఎంత ఇంధనం కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అది శాతాల్లో చెబుతుంది. సున్నాకు అటూ ఇటూ 10 లోపు ఉంటే పరవాలేదు. ఐడ్లింగ్‌లో 20 చూపించి, 2500 ఆర్‌పీఎంకు తీసుకెళ్లగానే మామూలుకు దిగితే ఎక్కడో బయటి గాలి దూరుతోంది. ఐడ్లింగ్‌లో బాగుండి, లోడ్ పడేకొద్దీ పెరిగితే ఇంధనం చాలడం లేదు, లేదా ఎయిర్ ఫ్లో సెన్సార్ తక్కువ చూపిస్తోంది. ఈ ఒక్క అంకె చూసి సగం అనుమానాలు కొట్టేయవచ్చు.

కోడ్ చెరిపేముందు దాన్నీ, దానితోపాటు నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలనూ రాసి పెట్టుకోండి. ఏ వేగంలో, ఎంత వేడిలో తప్పు జరిగిందో ఆ ఫ్రీజ్ ఫ్రేమ్‌లోనే ఉంటుంది. చెరిపేస్తే సాక్ష్యం పోయినట్టే. పీ0300 అంటే వేర్వేరు సిలిండర్లలో మిస్సింగ్ (ఇంధనం సరిగా అంటుకోకపోవడం), పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్, పీ0128 అంటే ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కడం లేదని. పీ0128కి ఎక్కువసార్లు కారణం తెరుచుకుని ఉండిపోయిన థర్మోస్టాటే, లేదంటే కూలెంట్ తగ్గడం. లైట్ వెలిగి ఉండటం కాకుండా ఆరుతూ వెలుగుతూ ఉంటే మిస్సింగ్ తీవ్రంగా ఉందని అర్థం. కాలని పెట్రోల్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని మాడ్చేస్తుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, వీలైనంత త్వరగా బండి ఆపేయండి.

బండి చాలా పాతది, స్కానర్ పెట్టే సాకెట్ లేదు. ఎలా?

అమెరికాలో స్కానర్ పెట్టి కోడ్లు చదివే ఓబీడీ-2 పద్ధతి 1996 మోడల్ నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు వచ్చిన కొన్ని బండ్లలో రెండు పిన్నులు కలిపితే డాష్‌బోర్డ్ లైటే లెక్కగా వెలిగి కోడ్ చెబుతుంది. ఆ పద్ధతి బండి మాన్యువల్‌లో ఉంటుంది. అదీ లేని బండికి వాక్యూమ్ గేజ్, కంప్రెషన్ గేజ్, మల్టీమీటర్ చాలు. నన్నడిగితే స్కానర్ ఉన్నవాళ్లు కూడా ఈ మూడూ కొనుక్కోవాలి.

పొగను చూసి రోగం చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. పొగ రంగు ఎంత ముఖ్యమో, అది ఎప్పుడు వస్తోందన్నదీ అంతే ముఖ్యం.

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి. రాత్రంతా గైడ్ల వెంట కారిన నాలుగు చుక్కలే అవి. వాలు దిగేటప్పుడు కాలు తీసి, కింద మళ్లీ తొక్కగానే వెనక అద్దంలో నీలం తెర కనపడితే అనుమానం మళ్లీ వాల్వ్ గైడ్లు, సీళ్ల మీదే. ఎత్తు ఎక్కేటప్పుడు, లోడ్ మీద ఆగకుండా వస్తుంటే రింగుల మీదకు అనుమానం పోవాలి. టర్బో ఉంటే దాని సీలు కూడా చూడాలి. వీటన్నిటికంటే ముందు పీసీవీ వాల్వ్ చూడండి. ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న వాల్వ్ అది. అది తెరుచుకుని ఉండిపోయినా, దాని పైపు పాడైనా ఆయిల్ నేరుగా ఇన్‌టేక్‌లోకి పోతుంది. రింగులు పోయాయనుకున్న ఇంజిన్ ఆ చిన్న వాల్వ్ మార్చగానే పొగ మానేయడం వింతేమీ కాదు.

తెల్ల పొగలో మూడు రకాలు. చలి పొద్దున కాసేపు వచ్చి మాయమయ్యేది ఉత్త ఆవిరి. బండి వేడెక్కాక కూడా ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతోంది. డీజిల్ బండిలో కళ్లు మండించే తెల్ల పొగ వస్తే అది కాలని డీజిల్. హీటర్ ప్లగ్గులు, ఇంజెక్షన్ టైమింగ్, నాజిళ్లు, కంప్రెషన్ ఈ వరసలో చూడాలి.

నల్ల పొగ అంటే ఇంధనానికి తగ్గ గాలి లేదు. ముందు ఎయిర్ ఫిల్టర్. టర్బో డీజిల్‌లో ఇంటర్‌కూలర్ పైపు పగిలితే ఒక్కసారిగా బలం తగ్గి, తొక్కినప్పుడల్లా నల్లగా కక్కుతుంది. పగిలిన చోట పైపు చుట్టూ ఆయిల్ మసి తడిగా అంటి ఉంటుంది, వేలితో తడిమితే తెలిసిపోతుంది. పెట్రోల్ బండిలో కారే ఇంజెక్టర్, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్, లేదా ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉందని కంప్యూటర్‌కు తప్పు చెప్పే టెంపరేచర్ సెన్సార్ చూడండి.

ఆయిల్ తింటోంది. ఎంత వరకు మామూలు?

1000 నుంచి 1500 కిలోమీటర్లకు 1 లీటరు దాకా మామూలే అని కొన్ని కంపెనీల మాన్యువళ్లు రాస్తాయి. నా దృష్టిలో అది చాలా ఉదారమైన లెక్క. కానీ ఎక్కువ తిరిగిన పికప్ 2000 కిలోమీటర్లకు అర లీటరు తాగుతుంటే దానికోసం ఇంజిన్ విప్పాల్సిన పని లేదు, మట్టం చూస్తూ పోసుకుంటే చాలు.

తింటోందా, కారుతోందా అన్నది ముందు తేల్చుకోండి. ఇంజిన్‌ను శుభ్రంగా కడిగించి, ఒకటి రెండు రోజులు నడిపి, పైనుంచి కిందికి చూసుకుంటూ రండి. తడి మొదలైన అన్నిటికంటే పై చోటే లీకు. క్రాంక్ వెనక సీలు పోయిందని చెప్పి గేర్ బాక్స్ దింపించాక, అసలు లీకు పైన టాపెట్ కవర్ గ్యాస్కెట్ నుంచి వెనక గోడ వెంట కారిందని తేలడం చాలా మామూలు.

ఆయిల్ మట్టం పెరుగుతుంటే మాత్రం తగ్గడం కంటే ప్రమాదం. ఇంధనమో కూలెంటో కలుస్తోందన్నమాట. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

కంప్రెషన్ పరీక్ష ఎలా చేయాలి? వచ్చిన అంకెలను ఎలా చదవాలి?

పాత ఇంజిన్‌కు ఇంతకన్నా విలువైన పరీక్ష లేదు. అందుకే కాస్త వివరంగా.

పెట్రోల్ బండి అయితే ఇంజిన్‌ను వేడెక్కించి, ఆపి, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేయండి. ఏ సిలిండర్‌ది ఏ ప్లగ్గో తెలిసేలా వరసగా పెట్టండి, వాటితో తర్వాత పని ఉంది. ఇగ్నిషన్, ఇంధనం రెండూ అందకుండా ఫ్యూజులు తీయండి. బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉండాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ బిగించి సెల్ఫ్ కొట్టండి. ముల్లు అయిదారు సార్లు ఎగిరే దాకా చాలు. మొదటి ఎగురుకు ఎంత వచ్చిందో, చివరికి ఎక్కడ ఆగిందో రెండూ రాయండి. మొదటి అంకెను చాలామంది పట్టించుకోరు. రింగులు అరిగిన సిలిండర్ మొదటి దెబ్బకు తక్కువ చూపించి, మెల్లమెల్లగా పైకి పాకుతుంది. వాల్వ్ కాలిపోయిన సిలిండర్ తక్కువలోనే మొదలై అక్కడే ఆగిపోతుంది.

పెట్రోల్ ఇంజిన్లకు సాధారణంగా 120 నుంచి 180 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మధ్య వస్తుంది. ఎంత ఎక్కువ వచ్చిందన్న దాని కంటే అన్నీ ఒకే తీరుగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. అన్నిటికంటే తక్కువది, అన్నిటికంటే ఎక్కువ దానిలో 75 శాతానికి దిగకూడదని వాడుకలో ఉన్న లెక్క. ఆరు సిలిండర్లలో అయిదు 150 దగ్గర ఉండి, ఒకటి 90 ఉంటే ఇబ్బంది ఆ ఒక్కదానిలోనే. అన్నీ 125 ఉంటే ఇంజిన్ ముసలిదైంది కానీ ఇంకా పని చేస్తుంది.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు. కదలకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ తెగింది. ఒక హెచ్చరిక: పిస్టన్ మీద కార్బన్ దట్టంగా పేరుకుంటే కంప్రెషన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. ఆయిల్ తాగే ఇంజిన్‌కు అంకెలు బాగా రావడానికి ఇదొక కారణం.

డీజిల్‌కు పెట్రోల్ గేజ్ పనికిరాదు, పగిలిపోతుంది. అక్కడ అంకెలు ఇంజిన్‌ను బట్టి సుమారు 300 నుంచి 450 పీఎస్ఐ, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఆయిల్ పోసే పరీక్ష డీజిల్‌కు వద్దు. అందులో పిస్టన్‌కు, హెడ్‌కు మధ్య చోటు చాలా తక్కువ.

లీక్-డౌన్ పరీక్ష కూడా అవసరమా?

ఒక సిలిండర్ తక్కువ వచ్చినప్పుడు అవసరమే. ఆ సిలిండర్‌లో పిస్టన్‌ను పైన నిలబెట్టి, రెండు వాల్వులూ మూసి ఉండగా కంప్రెసర్ గాలి పంపి ఎంత తప్పించుకుపోతోందో చూస్తారు. 10 శాతం లోపు అయితే ఇంజిన్ భేషుగ్గా ఉంది. 20 దాకా పాత ఇంజిన్‌కు సర్దుకోవచ్చు. 30 దాటితే పని ఉంది. ఇంకా మేలైన సంగతి, గాలి ఎటు పోతోందో చెవికే వినపడుతుంది: ఇన్‌టేక్‌లో బుసబుసమంటే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలైతే గ్యాస్కెట్ లేదా పగిలిన హెడ్. ఇంజిన్ విప్పకుండానే లోపల జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఆయిల్ మూత తీస్తే గాలి కొడుతోంది. బ్యాక్ కంప్రెషన్ (సిలిండర్ గాలి రింగులు దాటి కిందికి దిగడం) వచ్చిందంటున్నారు, నిజమేనా?

ప్రతి ఇంజిన్‌లోనూ కొంత గాలి అక్కడినుంచి వస్తుంది, డీజిల్‌లో ఇంకాస్త ఎక్కువ. మూతను తిరగేసి రంధ్రం మీద వదులుగా పెట్టండి. కొద్దిగా ఊగితే పరవాలేదు. ఎగిరి పడుతుంటే, ఆవిరి గుప్పుగుప్పున వస్తుంటే అనుమానించాలి. ముందు బ్రీదర్ పైపు మూసుకుపోయిందేమో చూసి, తర్వాత కంప్రెషన్ కొలవండి. మూత ఊగిందని చెప్పి ఎవరైనా ఇంజిన్ దింపుదామంటే ఒప్పుకోకండి.

మిస్సింగ్ వస్తోంది. ఏ సిలిండరో ఎలా తెలుస్తుంది?

ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి పెడుతూ రండి. బాగా పనిచేసే సిలిండర్‌ది తీస్తే ఇంజిన్ ఇంకా వణుకుతుంది. తీసినా తేడా రాని సిలిండరే దొంగ. నడుస్తున్న ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ వైరు చేత్తో లాగకండి, షాక్ గట్టిగా కొడుతుంది, ఇగ్నిషన్ మాడ్యూల్ కూడా పోవచ్చు.

సిలిండర్ దొరికాక దాని కాయిల్‌ను పక్క సిలిండర్ కాయిల్‌తో మార్చండి. మిస్సింగ్ కాయిల్ వెంట వెళ్తే కాయిలే. వెళ్లకపోతే ప్లగ్గును, తర్వాత ఇంజెక్టర్‌ను ఇలాగే మార్చి చూడండి. ఒక్క రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది. ఎక్కడికీ కదలకపోతే కంప్రెషన్ వైపు వెళ్లండి.

ఇందాక వరసగా పెట్టిన ప్లగ్గులను ఇప్పుడు వెలుతురులో చూడండి. లేత గోధుమ లేదా బూడిద రంగులో పొడిగా ఉంటే ఆరోగ్యం. పొడి మసి ఉంటే ఇంధనం ఎక్కువ. నల్లగా, తడిగా మెరుస్తుంటే ఆయిల్ చేరుతోంది. తెల్లగా పాలిపోయి పొక్కులు లేస్తే ఆ సిలిండర్ మితిమీరి వేడెక్కుతోంది. మిగతావన్నీ మాసి ఉండగా ఒక్కటి మాత్రం కడిగినట్టు తళతళలాడుతుంటే సంతోషించకండి. కూలెంట్ లోపలికి వచ్చి ఆవిరై దాన్ని కడుగుతోంది.

పాత పంపు ఉన్న డీజిల్‌లో నాజిల్ పైపు నట్టు వదులు చేసి సిలిండర్ కనిపెట్టడం పాత అలవాటు. కామన్ రైల్ ఇంజిన్‌కు (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే రకం) ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. అందులో డీజిల్ 1000 బార్‌కు మించిన ఒత్తిడిలో ఉంటుంది, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అలా గుచ్చుకుంటే గాయం చిన్నదిగా కనపడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బండి హీట్ ఎక్కుతోంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందా?

పోయి ఉండొచ్చు, కానీ అనుమానాల జాబితాలో దాన్ని చివర పెట్టండి. ఎప్పుడు హీట్ ఎక్కుతోంది? ట్రాఫిక్‌లో నిలబడితే ఎక్కి, వేగం అందుకోగానే దిగితే గాలి చాలడం లేదు: ఫ్యాన్, ఫ్యాన్ క్లచ్ చూడండి. ట్రాఫిక్‌లో బాగుండి, హైవే మీద లోడ్‌తో ఎక్కితే నీటి ప్రవాహం చాలడం లేదు: లోపల పూడిపోయిన రేడియేటర్, అరిగిన వాటర్ పంపు, పీల్పుకు ముడుచుకుపోయే కింది పైపు. ముల్లు పైకీ కిందికీ ఊగిసలాడితే కూలెంట్ తగ్గింది, లేదా లోపల గాలి చిక్కుకుంది.

రేడియేటర్ మూతను చిన్నచూపు చూడకండి. లోపలి ఒత్తిడిని అది నిలబెడితేనే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. దాని రబ్బరు ఎండిపోతే కూలెంట్ ముందే మరిగి బయటికి పోతుంది. వేడి ఇంజిన్ మీద ఆ మూత తీయకండి, ముఖం కాలుతుంది.

గ్యాస్కెట్ మీదే అనుమానం ఉంటే చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపును పట్టుకోండి. ఇంజిన్ ఇంకా వేడెక్కకముందే, ఒకటి రెండు నిమిషాల్లో పైపు రాయిలా బిగుసుకుంటే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోంది. రుజువు కావాలంటే నీలం రంగు ద్రవంతో చేసే పరీక్ష ఉంది. రేడియేటర్ పైనున్న గాలిని ఆ ద్రవం గుండా పీలుస్తారు, అందులో పొగ వాయువు ఉంటే నీలం పసుపుగా మారుతుంది. డీజిల్‌కు దాని ద్రవం వేరుగా దొరుకుతుంది.

ఇంకో ప్రమాదం. కూలెంట్ పూర్తిగా పోయిన ఇంజిన్‌లో టెంపరేచర్ ముల్లు కిందికి పడిపోవచ్చు. సెన్సార్ చుట్టూ నీళ్లు లేక ఉత్త గాలే ఉంటుంది కాబట్టి అది వేడిని చూపించదు. ముల్లు ఎక్కి, అంతలోనే పడిపోతే బండి చల్లబడిందని సంబరపడకుండా వెంటనే ఆపండి.

థర్మోస్టాట్ తీసేస్తే హీట్ సమస్య పోతుందని చెబుతున్నారు. తీసేయనా?

వద్దు. అసలు తప్పు అలాగే ఉంటుంది, పైగా ఇంజిన్ ఎప్పుడూ అరకొర వేడితో నడుస్తుంది. ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లోని తేమ ఆవిరి కాదు, రింగులు త్వరగా అరుగుతాయి. పాతదాన్ని తీసి నీళ్లలో వేసి మరిగించి చూడండి. దాని మీద రాసి ఉన్న ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టకపోతే కొత్తది వేయండి.

వేడెక్కాక ఆగిపోతుంది, అరగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఎందుకు?

మొదటి అనుమానం ఇంజిన్ తిరగడాన్ని గమనించే క్రాంక్ సెన్సార్, తర్వాత ఇగ్నిషన్ మాడ్యూల్, కాయిల్, ఫ్యూయల్ పంపు, దాని రిలే. ఈ సమస్యను బండి ఆగిపోయి ఉన్నప్పుడే పట్టుకోవాలి, స్టార్ట్ అయ్యాక ఎంత వెతికినా దొరకదు. స్పార్క్ టెస్టర్ బండిలోనే ఉంచుకోండి. ఆగిపోగానే చూడండి: స్పార్క్ వస్తోందా? తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర పంపు శబ్దం వినపడుతోందా? స్కానర్ ఉంటే సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. ఇంజిన్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే దాదాపుగా క్రాంక్ సెన్సార్ లేదా దాని వైరింగే.

డీజిల్ పికప్ పొద్దున్నే సతాయిస్తోంది. పంపు, నాజిళ్లు చేయించాలా?

ముందు ఒకరు సెల్ఫ్ కొడుతుండగా సైలెన్సర్ వైపు చూడండి. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ లోపలికి చేరుతోంది, అంటుకోవడం లేదు: హీటర్ ప్లగ్గులు, వాటి రిలే, సెల్ఫ్ తిరిగే వేగం, కంప్రెషన్ చూడాలి. పొగే లేకపోతే డీజిల్ చేరడం లేదు: ఫిల్టర్, ఎయిర్ లాక్, పంపు వైపు చూడాలి.

ఎయిర్ పట్టుకుంటోందో లేదో తెలియాలంటే ఫిల్టర్‌కు, పంపుకు మధ్య కాసేపు పారదర్శకమైన డీజిల్ పైపు పెట్టండి. బుడగలు కనపడితే ట్యాంకు నుంచి అక్కడిదాకా ఎక్కడో జాయింటు గాలి పీలుస్తోంది. పీల్చే వైపు పైపు కాబట్టి డీజిల్ బయటికి కారదు, కంటికి లీకు కనపడదు. ఎండిన చిన్న రిటర్న్ పైపు వల్ల కూడా రాత్రికి రాత్రి డీజిల్ వెనక్కి దిగిపోతుంది. కామన్ రైల్ బండి అయితే ఇంజెక్టర్ల రిటర్న్‌ను వేర్వేరు సీసాల్లో పట్టి పోల్చండి. ఒక దాంట్లో మాత్రం చాలా ఎక్కువ వస్తే ఆ ఇంజెక్టర్ అరిగింది. ఇవన్నీ చూశాకే పంపు మీద చెయ్యి వేయాలి.

హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టకండి. వేళ కాని వేళ పేలి పిస్టన్లు పగులుతాయి.

సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది. కొత్త బ్యాటరీ వేసినా అంతే.

వైర్లు చూడాలి. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సుమారు 9.6కు దిగువకు పడకూడదు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. ఇవన్నీ బాగుంటే మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ మొనకు, ఇంకోటి ఇంజిన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల కంటే బాగా ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు కరెంటును తినేస్తోంది. పైకి బాగానే కనపడే కేబుల్ లోపల పచ్చగా తుప్పు పట్టి ఉంటుంది. పాజిటివ్ వైపు కూడా ఇలాగే, బ్యాటరీ మొన నుంచి సెల్ఫ్ మోటార్ బోల్టు దాకా కొలవండి. పాత పికప్‌లో పిచ్చిపిచ్చి ఎలక్ట్రికల్ సమస్యలన్నిటికీ తుప్పు పట్టిన ఎర్త్ ఒక పెద్ద కారణం.

లోడ్ మీద లాగడం లేదు, కానీ ఏ శబ్దమూ లేదు.

ముందు ఇంజిన్‌దేనా తప్పు అని చూడండి. ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. కొద్ది దూరం వెళ్లి ఆగాక ఒక చక్రం మిగతావాటి కంటే కాలిపోతుంటే బ్రేక్ పట్టేసింది. ఇవి రెండూ కాకపోతే ఫ్యూయల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయల్ ప్రెషర్ చూడండి.

పెట్రోల్ ఇంజిన్‌లో ఇన్‌టేక్‌కు వాక్యూమ్ గేజ్ పెడితే ఇంకో దొంగ దొరుకుతుంది. సముద్ర మట్టం దగ్గర, ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య ముల్లు నిలకడగా ఉండాలి. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ముల్లు మెల్లమెల్లగా దిగిపోతుంటే పొగ బయటికి పోవడం లేదు, క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయింది. ముల్లు నిలకడగానే ఉండి మామూలు కంటే తక్కువ చూపిస్తే వాల్వ్ టైమింగ్ వెనకబడి ఉండొచ్చు, అంటే సాగిన టైమింగ్ చైన్.

ఇంజిన్‌లో టకటక శబ్దం. భయపడాలా?

శబ్దాన్ని బట్టి. పైనుంచి సన్నగా టిక్ టిక్ అంటుంటే టాపెట్. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ అని, వేడెక్కాక తగ్గిపోతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర స్టడ్డు విరిగి పొగ లీకవుతూ ఉండొచ్చు. దాన్ని టాపెట్ అనుకుని తలకాయ విప్పేవాళ్లున్నారు. స్టార్ట్ చేయగానే ఒకటి రెండు క్షణాలు ముందు భాగంలో గరగరమంటే టైమింగ్ చైన్.

కింద నుంచి బరువుగా, దడదడమని లోడ్ మీద పెరిగే నాకింగ్ అయితే భయపడాలి. ఏ సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ తీయగానే శబ్దం మెత్తబడితే ఆ సిలిండర్ కనెక్టింగ్ రాడ్ బేరింగే. ఆ బండిని ఇంటిదాకా కూడా నడపొద్దు, లాగించుకుపోండి. ఇప్పుడు ఆపితే బేరింగులు, క్రాంక్ పనితో సరిపోవచ్చు. నడిపితే రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది.

బయట ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు తీసి అర నిమిషం నడిపితే శబ్దం పోయిందా? అయితే ఆల్టర్నేటర్, వాటర్ పంపు, టెన్షనర్ బేరింగులు చూడండి. ఇంజిన్ నిర్దోషి.

ఐడ్లింగ్‌లో ఆయిల్ లైట్ మిణుకుమంటోంది.

ఆపి ఆయిల్ మట్టం చూడండి. మట్టం సరిగా ఉంటే సెన్సార్ తీసి, అక్కడ మెకానికల్ ప్రెషర్ గేజ్ పెట్టి వేడి ఇంజిన్ మీద కొలవాలి. ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ అన్నది పాత లెక్క, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. గేజ్ బాగా చూపిస్తే సెన్సార్ మార్చండి. తక్కువ చూపిస్తే చిక్కటి ఆయిల్ పోసి లైట్ ఆర్పేయడం పరిష్కారం కాదు, బేరింగులు చూడాల్సిందే.

ఆయిల్‌లో, రేడియేటర్‌లో పోసే మందులు పనిచేస్తాయా?

అరిగిన లోహాన్ని ఏ మందూ తిరిగి తేలేదు. రేడియేటర్ లీకు ఆపే పొడులు హీటర్ గొట్టాలను కూడా పూడ్చేస్తాయి. దారి మధ్యలో చిక్కుకుంటే తప్ప వాడకండి.

మెకానిక్‌కు ఏం చెప్పాలి, ఏం అడగాలి?

పార్టు పేరు చెప్పకండి, లక్షణం చెప్పండి. "ఇంజెక్టర్ మార్చండి" అంటే మారుస్తారు, సమస్య అలాగే ఉంటుంది. "వేడెక్కాక, మూడో గేర్‌లో, ఎత్తు మీద కుదుపు వస్తోంది" అంటే వెతుకుతారు. బండిని ఆ సమస్య వచ్చేలా ఆయనతో కలిసి నడపండి. ఇంజిన్ విప్పాలన్నప్పుడు కంప్రెషన్ అంకెలు కాగితం మీద రాసివ్వమని అడగండి. మంచి మెకానిక్ దానికి నొచ్చుకోడు. మార్చిన పాత పార్టులు చూపించమనండి.

చివరికి ఇంజిన్ పని చేయించాలా, వేరే ఇంజిన్ వేయాలా, బండి వదిలేయాలా?

ముందు చాసిస్ చూడండి. తుప్పు చట్రాన్ని తినేసి ఉంటే దాని మీద ఎంత మంచి ఇంజిన్ పెట్టినా దండగే. చట్రం గట్టిగా ఉండి, కంప్రెషన్ సమానంగా ఉండి, ఆయిల్ ప్రెషర్ బాగుండి, హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే పోతే నిస్సంకోచంగా బాగు చేయించండి. అప్పుడు హెడ్ వంకర పోయిందా, పగిలిందా అన్నది తప్పక చూపించాలి. అది చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే మళ్లీ పోతుంది. అన్ని సిలిండర్లూ అరిగి, ఆయిల్ ప్రెషర్ కూడా పడిపోతే బోరు, క్రాంక్ పని ఖర్చును మంచి కండిషన్‌లో ఉన్న వాడిన ఇంజిన్ ధరతో పోల్చండి. వాడిన ఇంజిన్ కొంటే బిగించకముందే దానికీ కంప్రెషన్ పరీక్ష చేయించండి.

బాగు చేయించాక ఎలా గమనించుకోవాలి?

మొదటి వారం రోజూ పొద్దున చల్లటి ఇంజిన్ మీద ఆయిల్, కూలెంట్ మట్టాలు చూడండి. కూలింగ్ పని జరిగితే లోపల చిక్కుకున్న గాలి బయటికి పోయి మట్టం ఒకసారి కొద్దిగా తగ్గడం మామూలే. నింపాక మళ్లీ తగ్గితే వెనక్కి తీసుకెళ్లండి. కోడ్ చెరిపిన బండిలో కంప్యూటర్ తన పరీక్షలన్నీ తిరిగి పూర్తి చేసుకోవడానికి కొన్ని చల్లటి స్టార్టులు, కాస్త హైవే ప్రయాణం కావాలి. అంతవరకు లైట్ వెలగలేదని సమస్య తీరిందనుకోవద్దు. ఆ పరీక్షలు పూర్తయ్యాయో లేదో స్కానర్‌లోనే కనపడుతుంది.